బేరమాడనివ్వని షావుకార్లు: మైన్‌క్రాఫ్ట్ సందేహాలు - సమాధానాలు

సెలవులిచ్చాక వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మైన్‌క్రాఫ్ట్ గురించే. అవి కూడా గనులు తవ్వడం గురించో డ్రాగన్‌ని చంపడం గురించో కాదు. బండ ముక్కు, కలిసిపోయిన కనుబొమలు, కట్టుకున్న చేతులతో నిలబడి ‘హూఁ’ అని మూలిగే విలేజర్ల గురించి. అందుకే ఈ వారం పేజీ అంతా వాళ్లకే. ఒక్క మాట ముందే చెబుతున్నాను: నేను ఆడేది కంప్యూటర్ మీద జావా ఎడిషన్. ఫోన్లలో ఆడే బెడ్‌రాక్ ఎడిషన్‌లో కొన్ని లెక్కలు కాస్త అటూ ఇటూగా ఉంటాయి.

వారం రోజులుగా కొండల్లో తవ్వితే నాకు ఏడు ఎమరాల్డ్‌లు దొరికాయి. మా అన్నయ్య దగ్గర పెట్టె నిండా ఉన్నాయి. ఎలాగో అడిగితే చెప్పడం లేదు.
– ఎనిమిదో తరగతి విద్యార్థి, గుంటూరు

మీ అన్నయ్య తవ్వి ఉండడు నాన్నా, చెట్లు కొట్టి ఉంటాడు. ఈ ఆటలో డబ్బుగా చెల్లే ఎమరాల్డ్ ఖనిజం కొండ ప్రాంతాల్లో తప్ప దొరకదు, అక్కడా అరుదే. అదే ఊళ్లో అయితే విలేజర్ల దగ్గర మూలుగుతుంటుంది. బాణాలు చేసే ఫ్లెచర్ దగ్గరికి వెళ్లు. 32 కర్రపుల్లలకు ఒక ఎమరాల్డ్ ఇస్తాడు. ఒక దుంగకి నాలుగు పలకలు, రెండు పలకలకి నాలుగు పుల్లలు. అంటే నాలుగు దుంగలకి ఒక ఎమరాల్డ్. పలుగు అరిగిపోయేలా వారమంతా తవ్విన నీకు ఇది వింటే కోపం రావడం సహజమే.

మీ ఊళ్లో ఫ్లెచర్ లేడా? నాలుగు పలకలు, రెండు చెకుముకి రాళ్లతో ఫ్లెచింగ్ టేబుల్ చేసి, పని లేని విలేజర్ దగ్గర పెట్టు. వాడే వచ్చి ఆ వృత్తిలో చేరతాడు. రైతుతోనూ లాభమే. 20 గోధుమ కట్టలకో, 26 బంగాళాదుంపలకో, 22 క్యారెట్లకో ఒకటి చొప్పున ఇస్తాడు, కానీ మొదట్లో ఇలాంటి వాటిలో ఒకటో రెండో మాత్రమే కొంటాడు. కాస్త అనుభవం వచ్చాక ఆరు గుమ్మడికాయలకే ఒకటి ఇస్తాడు. గుమ్మడి తీగకి మళ్లీ విత్తనం నాటే పని లేదు, కాయ కోసుకుంటే ఇంకోటి కాస్తుంది. జాంబీలని చంపితే వచ్చే కుళ్లు మాంసం పారేస్తున్నావేమో, ఆపెయ్. ఊదా అంగీ క్లెరిక్ 32 ముక్కలకి ఒక ఎమరాల్డ్ ఇస్తాడు.

నిన్న 32 పుల్లలకి ఎమరాల్డ్ ఇచ్చినవాడే ఇవాళ చాలా ఎక్కువ అడుగుతున్నాడు. కోపం వచ్చి ఒకటి కొట్టాను. ఇంకా పెంచాడు!
– ఇంజినీరింగ్ విద్యార్థి, విశాఖపట్నం

చేసినవి రెండు తప్పులు. వేర్వేరుగా చూద్దాం.

ఒక్కో సరుకునీ విలేజర్ కొన్నిసార్లే మార్చుకుంటాడు. పుల్లలైతే 16 సార్లు. ఆ తర్వాత ఎర్ర గుర్తు పడి కొట్టు మూసేస్తాడు. తన బల్ల దగ్గరకెళ్లి పని చేసుకున్నాక మళ్లీ తెరుస్తాడు, అదీ రోజుకి రెండుసార్లే. ఆటలో రోజంటే మనకి 20 నిమిషాలు. కొట్టు మళ్లీ తెరిచేటప్పుడు వాడు మనసులో లెక్క వేసుకుంటాడు: సగం కన్నా ఎక్కువ వాడేశారా, తక్కువ వాడారా అని. ఎక్కువైతే ఆ సరుకు ధర చెడుతుంది, తక్కువైతే కోలుకుంటుంది. మీరు పదహారూ ఊడ్చేశారు. మదనపల్లె మార్కెట్‌కి ఒక్కరోజే లారీలన్నీ టమాటాతో వచ్చి పడితే ఏమవుతుందో మీ పుల్లలకీ అదే అయింది. నేనైతే ఇద్దరు ముగ్గురు ఫ్లెచర్లని పెట్టుకుని ఒక్కొక్కరి దగ్గర ఏడెనిమిది సార్లతో ఆపేస్తాను. ఇప్పటికే చెడిన ధర కొన్ని రోజులు వాడి జోలికి పోకపోతే దానంతటదే దిగుతుంది. వాడికి మాత్రం బల్ల అందుబాటులో ఉండాలి.

ఇక దెబ్బ. ఈ ఆటలో విలేజర్లు నిజంగానే గుసగుసలాడుకుంటారు. ఆట కోడ్‌లోనే దానికి గాసిప్ అని పేరు. కొట్టిన సంగతి తిన్నవాడు ఇంకొకడితో చెబుతాడు, వాడు మరొకడితో. విన్నవాళ్లంతా మీకు, ఒక్క మీకే, ధర పెంచుతారు. మీ స్నేహితుడు అదే ఊరికొస్తే మామూలు ధరే. ఒక దెబ్బ సంగతైతే కొన్నాళ్లకి మాసిపోతుంది, ప్రాణం తీస్తే అంత తొందరగా మరచిపోరు. ఊరికి కాపలా కాసే ఐరన్ గోలెం చూడలేదు కాబట్టి మీరింకా ఉత్తరం రాయగలిగారు.

పనిముట్లని బాగుచేసే మెండింగ్ పుస్తకం కోసం లైబ్రేరియన్‌ని పెట్టుకున్నాను. వాడి బల్ల అయిన లెక్టర్న్ పగలగొట్టి మళ్లీ పెడితే సరుకు మారుతుందని విన్నాను. ఎన్నిసార్లు చేసినా మారడం లేదు.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

వాడి దగ్గర అంతకుముందు ఏదో ఒకటి కొనే ఉంటారు. గుర్తు తెచ్చుకోండి, ఒక పుస్తకాల అర అయినా సరే. ఒక్క లావాదేవీ జరిగిందా, ఇక వాడి వృత్తీ సరుకూ ఖాయం. లెక్టర్న్‌ని పొడి చేసినా చలించడు.

2012లో ఈ వ్యాపారం ఆటలోకి వచ్చినప్పుడు బల్లతో పనే ఉండేది కాదు, విలేజర్ వృత్తితోనే పుట్టేవాడు. 2019లో వచ్చిన 1.14 వెర్షన్ దాన్ని తిరగరాసి బల్లని బట్టి వృత్తి అంది. ఇంటర్నెట్‌లో రెండు కాలాల సలహాలూ కలగాపులగంగా ఉన్నాయి, చూసే వీడియో ఏ ఏడాదిదో చూసుకోండి.

ఇప్పుడు చేయాల్సింది: కొత్తవాణ్ణి పెంచండి. ఇద్దరు విలేజర్లు, పిల్లాడి కోసం ఒక మంచం అదనంగా, తలా మూడు రొట్టెలు. పుట్టినవాడు 20 నిమిషాల్లో పెద్దవాడవుతాడు. వాడి ముందు లెక్టర్న్ పెట్టండి, వాడు చూపే సరుకులు చూడండి, ఏమీ కొనకుండా పగలగొట్టండి, మళ్లీ పెట్టండి. రాత్రిపూట పడుకుంటారు, అప్పుడు కుదరదు. మొదటి మెట్టులో వాడు చూపేది రెండు సరుకులే కాబట్టి కొన్నిసార్లు పుస్తకం అసలే కనిపించదు. నాకు ఒకసారి నాలుగో ప్రయత్నానికే దొరికింది, ఇంకోసారి రెండు సాయంత్రాలు పట్టింది. మెండింగ్ ధర 10 నుంచి 38 ఎమరాల్డ్‌ల మధ్య ఎంతైనా కావచ్చు, పైగా ఒక మామూలు పుస్తకం. 38 చూపించినా వదలకండి. వెంటనే ఒకటి కొని వాణ్ణి ఖాయం చేసుకోండి, ధర తగ్గించుకునే దారి తర్వాతి ఉత్తరంలో ఉంది. 2023లో ప్రయోగంగా పెట్టిన ఒక సెట్టింగ్‌లో మాత్రం మెండింగ్ చిత్తడి ప్రాంతపు లైబ్రేరియన్ల దగ్గరే దొరుకుతుంది. చిత్తడిలో ఊళ్లు వాటంతటవే ఉండవు. మనమే ఇద్దర్ని పడవలో కూర్చోబెట్టి తీసుకెళ్లి అక్కడ సంసారం పెట్టించాలి.

విలేజర్లని కావాలని జాంబీ చేత కరిపించి, మళ్లీ మందు వేసి బాగుచేస్తే తక్కువ ధరకి ఇస్తారని నా మనవరాలు చెబుతోంది. ఇది నిజమా? నిజమైతే ఇదేం న్యాయం?
– డాలస్‌లో పిల్లల దగ్గరికి వచ్చిన ఒక తాతగారు

నిజమే తాతగారూ. జాంబీ చంపిన విలేజర్ హార్డ్ స్థాయిలో తప్పకుండా జాంబీ అవుతాడు, నార్మల్‌లో సగం సార్లు, ఈజీలో అసలు కాడు. వాడి మీద బలహీనతనిచ్చే మందు సీసా విసిరి, బంగారు ఆపిల్ తినిపించాలి. మామూలు ఆపిల్ చుట్టూ ఎనిమిది బంగారు కడ్డీలు పేరిస్తే అది తయారవుతుంది. మూడు నుంచి అయిదు నిమిషాలు వణుకుతాడు, ఆ తర్వాత మనిషవుతాడు. అంతసేపూ నీడన ఉంచాలి, ఎండ తగిలితే కాలిపోతాడు. బాగుచేసిన వారికి ఆ రుణం తీర్చుకున్నట్టు ధర తగ్గిస్తాడు. ఖరీదైన పుస్తకాల మీద ఆ తేడా బాగా తెలుస్తుంది. ఆ మంచి మాట పక్కవాళ్ల చెవిన కూడా పడి వాళ్లూ కొన్నాళ్లు కాస్త తగ్గిస్తారు.

ఒకప్పుడు అదే మనిషిని అయిదారుసార్లు కరిపించి, అయిదారుసార్లు బతికించి, అన్నీ ఒక్క ఎమరాల్డ్‌కే తీసుకునేవారు. మీలాగే ఆట చేసినవాళ్లకీ అది నచ్చలేదేమో, 2023లో వచ్చిన 1.20.2 నుంచి మొదటిసారి బాగుచేసినందుకే తగ్గింపు.

న్యాయం సంగతి అడిగారు. నేను కరిపించను. రాత్రి తిరుగుతుంటే అప్పటికే జాంబీ అయినవాడు ఎవడో ఒకడు ఎదురవుతూనే ఉంటాడు, వాడినే బాగుచేస్తాను. మంచు ప్రాంతాల్లో కొన్ని ఇగ్లూల కింద నేలమాళిగ ఉంటుంది. అందులో కటకటాల వెనక ఒక విలేజర్, ఒక జాంబీ విలేజర్, పక్కనే కావలసిన మందు, పెట్టెలో బంగారు ఆపిల్. ఎవరూ చెప్పకుండానే ఈ వైద్యం నేర్పే బడి అది. మనవరాల్ని అక్కడికి తీసుకెళ్లమనండి. మీకూ చూపిస్తుంది.

మా అబ్బాయి పన్నెండేళ్లవాడు. ఆటలో ఇరవై మంది మనుషుల్ని ఒక్కొక్కరికి ఒక్కో గూడు కట్టి లోపల బంధించాడు. చూస్తే నాకు భయమేసింది.
– ఒక తల్లి, హనుమకొండ

మొదటిసారి చూసినప్పుడు నాకూ నచ్చలేదమ్మా. కానీ అబ్బాయి పక్కన కూర్చుని ఎందుకలా కట్టావని అడగండి, కారణాలు గడగడా చెబుతాడు. విడిచిపెడితే రాత్రి జాంబీల పాలవుతారు. ఒకరి బల్లని ఇంకొకరు ఆక్రమించుకుంటారు. కొనడానికి వెళితే ఎవరెక్కడున్నారో వెతుక్కోవాలి. గూట్లో బల్ల ఒకటి ఉంటే చాలు, వ్యాపారం సాగిపోతుంది. ఇది క్రూరత్వం కాదు. కొట్టులో డబ్బాలు వరసగా సర్దినట్టే వాడికి. నాకు అభ్యంతరం వేరే: చూడ్డానికి కోళ్లఫారంలా ఉంటుంది. నేను మాత్రం గోడ చుట్టూ కట్టి, దీపాలు పెట్టి, లోపల సంతలా వదిలేశాను. ఫ్లెచర్ కోసం రోజూ వెతుక్కుంటూ తిరుగుతాను. మీ అబ్బాయి నా ఊరు చూస్తే నవ్వుతాడు.

రెండు లామాలతో వచ్చే నీలం అంగీ వర్తకుడి దగ్గర కొనొచ్చా?
– నెల్లూరు

మీకు దూరంగా ఉన్న ప్రాంతాల మొక్కలు, పూలు కావాలంటే కొనండి. లేదంటే చూసి ఊరుకోండి. కాసేపుండి తనే మాయమైపోతాడు.

మా ఊళ్లో ఆకుపచ్చ చొక్కావాడు ఉన్నాడు. ఎన్ని బల్లలు పెట్టినా పని చేయడు. ఏం చేయాలి?
– అయిదో తరగతి, కరీంనగర్

వాడు చేయడు చిన్నా. ఎప్పటికీ చేయడు. ఆటలో వాడి పేరు నిట్‌విట్, ఏ వృత్తీ పట్టదు, ఏమీ అమ్మడు, కొనడు. పెళ్లాం పిల్లలు మాత్రం ఉండొచ్చు, వాడి పిల్లలు వాడిలాగే ఉండాలనీ లేదు. మా ఊళ్లోనూ ఒకడున్నాడు. పొద్దున్నే లేచి అందరి బల్లల దగ్గరా కాసేపు నిలబడి, ‘హూఁ’ అని, ఇంకో బల్ల దగ్గరికి పోతాడు. వాడి మంచం మాత్రం తీసేయకు.