చిన్న వ్యాపారుల వెబ్‌సైట్ భద్రత: సంవత్సర ప్రణాళిక

రాయపురంలోను, కాశిమేడు రేవు పరిసరాలలోను తెలుగువారు నడుపుతున్న చిన్న వ్యాపారాలు అనేకం. ఎండుచేపలు, పచ్చళ్లు, పిండివంటలు, కుట్టుపని, వలల సామగ్రి వంటి వ్యాపారాలలో కొన్నిటికి నేడు సొంత వెబ్‌సైట్ కూడా ఉన్నది. దుకాణం తలుపు విరిగితే పొరుగువారు కేక వేస్తారు. వెబ్‌సైట్‌లో దొంగ ప్రవేశిస్తే యజమానికి సైతం చాలాకాలం తెలియకపోవచ్చును. పేజీలోని క్యూఆర్ కోడ్ ఒక్కటి మార్చిన యెడల, కొనుగోలుదారు చెల్లించిన సొమ్ము వేరొకరి ఖాతాకు చేరుతుంది. సరుకు రాలేదన్న నింద మాత్రం దుకాణదారుపై పడుతుంది.

వెబ్‌సైట్ భద్రత అనేది ఒకసారి రుసుము చెల్లించి చేయించుకుని మరచిపోయే పని కాదు. వ్యాపార లైసెన్సు వలె, ఖాతాపుస్తకం వలె దానికి గడువులు ఉంటాయి. ఆ గడువులు యజమాని చేతిలో ఉండవలెనన్నదే ఈ పాఠంలోని ముఖ్యాంశం.

1. పేరు ఎవరి అధీనంలో ఉన్నది?

వెబ్‌సైట్ చిరునామాను డొమైన్ పేరు అంటారు. దానిని శాశ్వతంగా కొనలేము. ఒకటి నుండి పది సంవత్సరాల వరకు నమోదు చేసుకుని, గడువు తీరకముందే పునరుద్ధరించుకోవాలి. వెబ్‌సైట్ తయారుచేసిన వ్యక్తి తన పేరుతో, తన ఈ-మెయిల్‌తో డొమైన్‌ను నమోదు చేయడం తరచుగా జరుగుతుంది. అతడు వేరే ఊరికి వెళ్లిన నాడు యజమాని నిస్సహాయుడవుతాడు. కావున నమోదులో యజమాని పేరు, ఆయన సొంత ఈ-మెయిల్, ఆయన వాడుకలో ఉన్న ఫోన్ నంబరు ఉన్నవో లేవో చూసుకోవాలి.

ఫోన్ నంబరు విషయంలో వలస వచ్చినవారు మరింత జాగ్రత్త వహించాలి. ఊరి నుండి తెచ్చుకున్న పాత సిమ్‌తో ఖాతా తెరిచి, చెన్నైలో కొత్త సిమ్ తీసుకుని, పాతదానికి రీఛార్జి మానివేసేవారు ఉన్నారు. 90 రోజులు వాడని నంబరును కంపెనీ నిలిపివేయవచ్చును. నిలిపివేసిన తరువాత కనీసం మరో 90 రోజులకు అది వేరొకరికి దక్కే అవకాశం ఉన్నది. అప్పుడు మీ ఓటీపీ అపరిచితుని ఫోన్‌కు వెళుతుంది.

డాట్ కామ్ పేర్లకు గడువు తీరడానికి సుమారు ఒక నెల ముందు, తిరిగి సుమారు ఒక వారం ముందు నమోదు సంస్థ గుర్తుచేయవలెనని నియమం ఉన్నది. ఆ లేఖలు ఆంగ్లంలో వస్తాయి, ప్రకటనలనుకుని వదిలేస్తాము. నకిలీ లేఖలు కూడా అదే రూపంలో వస్తాయి. లేఖలోని లింకును నొక్కక, నమోదు సంస్థ వెబ్‌సైట్‌ను స్వయంగా తెరిచి గడువు చూసుకోవడమే మంచిది. గడువు దాటి పేరు రద్దయిన తరువాత అదనపు రుసుముతో తిరిగి పొందడానికి 30 రోజుల అవకాశం ఉంటుంది. అదీ దాటితే మరో 5 రోజులకు ఆ పేరును ఎవరైనా తీసుకోవచ్చును. పెద్ద సంస్థలు సైతం ఈ విషయంలో ఏమరుపాటుకు లోనైనవి. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ ఒక డొమైన్‌ను పునరుద్ధరించడం మరచినందున హాట్‌మెయిల్ వాడుకరులు ఇబ్బంది పడ్డారు. చివరకు ఒక ప్రోగ్రామర్ తన సొంత సొమ్ము 35 డాలర్లు చెల్లించాడు.

2. తాళం గడువు తగ్గుతున్నది

కొనుగోలుదారు ఫోన్‌కు, మీ వెబ్‌సైట్‌కు మధ్య సాగే సమాచారాన్ని ఇతరులు చదవకుండా కాపాడేది ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్. ఇంతకాలం అది గరిష్ఠంగా 398 రోజులు చెల్లేది. అంతర్జాతీయ నిర్ణయం ప్రకారం ఆ పరిమితి 2026 మార్చి 15 నుండి 200 రోజులు, 2027 మార్చి 15 నుండి 100 రోజులు, 2029 మార్చి 15 నుండి 47 రోజులు. అనగా ఏడాదికి ఒకసారి గుర్తు పెట్టుకునే పద్ధతి ఇక చాలదు. హోస్టింగ్ సంస్థను అడిగి, సర్టిఫికెట్ దానంతట అదే పునరుద్ధరణ అయ్యే ఏర్పాటు చేయించుకోవాలి.

3. హైదరాబాదు నేర్పిన పాఠం

2022 జనవరిలో హైదరాబాదులోని ఏ.పి. మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుండి నేరగాళ్లు రూ. 12.48 కోట్లు కాజేశారు. పోలీసుల దర్యాప్తులో తేలిన విషయం గమనింపదగినది. బ్యాంకు ఉద్యోగులకు మోసపు ఈ-మెయిళ్లు అంతకు ముందే, 2021 నవంబరులో వచ్చాయి. వాటిని తెరిచినందువల్ల కంప్యూటర్లలోకి హానికర ప్రోగ్రాము ప్రవేశించినది. సైబర్ భద్రతా నియమాలు పాటించనందుకు 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు రూ. 65 లక్షల జరిమానా విధించినది.

విత్తనం నవంబరులో పడగా, నష్టం జనవరిలో కనబడినది. మధ్యలోని వారాలలో ఎవరైనా పరీక్షించి ఉంటే దొంగ దొరికే అవకాశం ఉండేది. ఏదైనా జరిగిన తరువాత చూసుకుందామనుకోక, ఏమీ జరగని రోజులలోనే పరీక్షించుకోవడం ఇందుకే అవసరం.

4. ఏడాది పొడవునా చేయవలసిన పనులు

ఏప్రిల్ – జూన్: తమిళనాడు తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవల చేపల వేటపై నిషేధం. ఆ దినాలలో కాశిమేడులో పడవలకు, ఇంజన్లకు, వలలకు మరమ్మతులు జరుగుతాయి. వెబ్‌సైట్‌కు కూడా ఇదే మరమ్మతు కాలం చేసుకోవచ్చును. డొమైన్, హోస్టింగ్ గడువులు కొత్త ఖాతాపుస్తకం మొదటి పుటలో వ్రాయండి. వాడని ప్లగిన్‌లు తొలగించండి. పునరుద్ధరణకు అయ్యే సొమ్మును ఆర్థిక సంవత్సరపు తొలి నెలలోనే వేరుగా ఉంచండి.

ఆయుధపూజ: పనిముట్లు శుభ్రపరచి పూజించే ఈ పండుగ వేళ తాళాలను కూడా పరీక్షించండి. పని మానివేసినవారి ప్రవేశాన్ని రద్దు చేయండి. ఒకే పాస్‌వర్డ్‌ను నలుగురు వాడే అలవాటు మానండి. ఈ-మెయిల్‌కు, డొమైన్ ఖాతాకు రెండంచెల ధృవీకరణ పెట్టండి.

అక్టోబరు – డిసెంబరు: ఇది ఈశాన్య ఋతుపవనాల కాలం. 2015 డిసెంబరు వరదలు, 2016 డిసెంబరు 12న వచ్చిన వర్దా తుపాను, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నైవాసులకు గుర్తే. కంప్యూటరు, బ్యాకప్ డిస్కు ఒకే బల్ల కింద ఉంటే రెండూ ఒకేసారి మునుగుతాయి. సమాచారానికి మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు విధాల సాధనాలలో ఉండాలి. అందులో ఒకటి వేరే చోట ఉండాలి. నెల్లూరులోని బంధువుల ఇల్లు అయినా, క్లౌడ్ అయినా సరే. వానలకు ముందే బ్యాకప్ నుండి వెబ్‌సైట్‌ను ఒకసారి తిరిగి నిలబెట్టి చూడండి. అట్లా పరీక్షించని బ్యాకప్‌ను నమ్ముకోరాదు.

జనవరి: సంక్రాంతి అమ్మకాల తరువాత, అవసరం తీరిన కొనుగోలుదారుల వివరాలను తొలగించండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, తగిన భద్రత పాటించనివారిపై రూ. 250 కోట్ల వరకు జరిమానాకు అవకాశమిచ్చినది. 2022 అక్టోబరు 1 నుండి కొనుగోలుదారుల కార్డు నంబర్లను వ్యాపారులు భద్రపరచుకోరాదు.

ప్రతి వారం: మీ వెబ్‌సైట్‌లోని క్యూఆర్ కోడ్‌కు ఒక్క రూపాయి పంపి, అది మీ ఖాతాకే చేరినదా అని చూడండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లను వాయిదా వేయకండి.

5. మోసం జరిగిన యెడల

సొమ్ము పోయిన వెంటనే 1930కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా తెలిపితే, సొమ్ము చేతులు మారకముందే దానిని నిలుపుదల చేయించే అవకాశం అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే జాతీయ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చును. మీ బ్యాంకుకు తెలపండి. మారిన పేజీని చెరిపివేయకముందే దాని స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి; అది సాక్ష్యం. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం, సంస్థలు సైబర్ సంఘటనలను గుర్తించిన 6 గంటలలోగా దానికి తెలియజేయవలసి ఉంటుంది. కొనుగోలుదారులకు విషయం దాచక చెప్పండి. వారు మోసపోకుండా కాపాడితే వారి నమ్మకం నిలుస్తుంది.

అభ్యాసం

ఈ ప్రశ్నలకు జవాబులు ఒక కాగితంపై వ్రాసి, వ్యాపార లైసెన్సుతో పాటు భద్రపరచండి. పాస్‌వర్డ్‌లు మాత్రం అందులో వ్రాయవద్దు.

1. మా డొమైన్ ఎవరి పేరున ఉన్నది? గడువు ఏ తేదీ?
2. ఓటీపీ ఏ నంబరుకు వస్తుంది? ఆ సిమ్ నేడు పనిచేస్తున్నదా?
3. వెబ్‌సైట్‌ను మార్చగల అధికారం ఎందరికి ఉన్నది? వారిలో నేటికీ మన వద్ద పనిచేసేవారు ఎందరు?
4. చివరిసారి బ్యాకప్‌ను పరీక్షించినది ఎప్పుడు? అది ఏ ఊరిలో ఉన్నది?
5. యజమాని అస్వస్థులైతే ఈ పనులు చూసేది కుటుంబంలో ఎవరు?

జవాబు తెలియని ప్రశ్న ఏదైనా మిగిలితే, ఈ సంవత్సరపు ప్రణాళికను దానితోనే ప్రారంభించండి.