కరెంటు బండి - వేడి లెక్క

గుంటూరు, ప్రకాశం జిల్లాల రోడ్లమీద ఈమధ్య చప్పుడు లేని బండ్లు ఎక్కువయ్యాయి. స్పిన్నింగు మిల్లులో షిఫ్టు దిగి ఇంటికి వెళ్ళేవారు, మిర్చి యార్డుకు గుమాస్తా పనికి వచ్చేవారు, పాలక్యాన్లు కట్టుకుని ఊరూరా తిరిగేవారు, కాలేజీ విద్యార్థులు, అందరి దగ్గరా ఇవి కనబడుతున్నాయి. పొగగొట్టం లేదు. కిక్కు కొట్టనక్కర్లేదు. రాత్రి ప్లగ్గుకు తగిలిస్తే తెల్లవారేసరికి బండి సిద్ధం. 2024-25 ఆర్థిక సంవత్సరంలో మన దేశం మొత్తంమీద 11 లక్షలకు పైగా విద్యుత్ ద్విచక్ర వాహనాలు అమ్ముడయ్యాయి.

"ఖర్చు లేని బండి" అంటారు కొన్నవాళ్ళు. "బ్యాటరీ పోయిననాడు తెలుస్తుంది ఖర్చు" అంటారు కొననివాళ్ళు. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. ఏది ఎంత నిజమో తేల్చుకోవడానికి మీరు బడిలో చదువుకునే శక్తి పాఠం చాలు. ఈ లెక్క అంతా ఒకే ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది. అదే వేడి.

పెట్రోలు ఎటు పోతోంది?

శక్తికి మన ఇళ్ళలో అందరికీ తెలిసిన కొలత యూనిట్. 1000 వాట్ల హీటరు ఆగకుండా ఒక గంట పనిచేస్తే ఖర్చయ్యే శక్తి 1 యూనిట్. దీన్నే కిలోవాట్ గంట అంటాం. జౌళ్ళలో చెబితే 36 లక్షలు.

ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 9 యూనిట్ల శక్తి వెలువడుతుంది. మామూలు స్కూటరు ఆ లీటరుతో 50 కిలోమీటర్లు నడుస్తుంది అనుకుందాం. అంటే 1 యూనిట్ శక్తికి అయిదున్నర కిలోమీటర్లు.

కరెంటు స్కూటరు సంగతి చూడండి. గోడ దగ్గర మీటరు కొలిచిన 1 యూనిట్ విద్యుత్తుతో అది 30 కిలోమీటర్లు పోతుంది అనుకోవచ్చు. అయిదు రెట్లకు పైమాట! అవే చక్రాలు, అదే మనిషి, అదే రోడ్డు. మరి ఇంత తేడా ఎక్కడిది?

ఎండలో ప్రయాణం చేసి ఆపిన పెట్రోలు బండి సైలెన్సరుకు కాలు తగిలి బొబ్బలెక్కినవాళ్ళు మీ ఊళ్ళోనూ ఉంటారు. జవాబు అక్కడే ఉంది. ఇంజనులో పెట్రోలు మండినప్పుడు పుట్టిన శక్తిలో నాలుగో వంతో, అంతకన్నా తక్కువో చక్రాన్ని తిప్పుతుంది. మిగిలిందంతా వేడిగా గాలిలో కలుస్తుంది. డబ్బు పెట్టి కొన్న పెట్రోలులో ముప్పాతిక భాగంతో మనం రోడ్డును వేడిచేస్తున్నామన్నమాట.

కరెంటు బండిలో మంట లేదు. చాలా బండ్లలో మోటారు వెనక చక్రంలోనే ఉంటుంది. తీగచుట్టల్లో కరెంటు ప్రవహిస్తే అవి విద్యుదయస్కాంతాలవుతాయి. చక్రానికి బిగించిన శాశ్వత అయస్కాంతాలను అవి ఆకర్షిస్తూ, వికర్షిస్తూ తిప్పుతాయి. ఏ క్షణాన ఏ చుట్టలో కరెంటు పారాలో కంట్రోలరు అనే పెట్టె చూసుకుంటుంది. ఈ మోటారు తీసుకున్న శక్తిలో నూటికి 80 నుంచి 90 పాళ్ళు చక్రానికే అందిస్తుంది. కొన్ని బండ్లలో బ్రేకు వేసినప్పుడు ఇదే మోటారు సైకిలు డైనమోలా మారి, కొంత శక్తిని తిరిగి బ్యాటరీకి పంపుతుంది.

బొగ్గును మరచిపోకూడదు

తెలివైన విద్యార్థి ఇక్కడొక ప్రశ్న వేయాలి. "కరెంటు ఊరికే రాదు కదా! విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో బొగ్గు మండిస్తేనే కదా వచ్చేది?"

సరైన ప్రశ్న. థర్మల్ కేంద్రంలో కూడా వేడి వృథా అవుతుంది. బొగ్గులోని శక్తిలో మూడో వంతు మాత్రమే విద్యుత్తుగా మారుతుంది. తీగల్లో మరికొంత పోతుంది. అంటే మన ప్లగ్గుకు 1 యూనిట్ చేరాలంటే అక్కడ 3 యూనిట్లకు మించిన వేడి పుట్టాలి. ఈ లెక్కన బొగ్గులోని ప్రతి యూనిట్ శక్తికీ బండి నడిచేది సుమారు 9 కిలోమీటర్లు. అయిదు రెట్ల గొప్ప కాస్తా ఒకటిన్నర రెట్లకు దిగివచ్చింది. అయినా పెట్రోలు బండి అయిదున్నర కిలోమీటర్ల కంటే ఇది మెరుగే. నాగార్జునసాగర్ జలవిద్యుత్తో, సూర్యకాంతి నుంచి వచ్చిన విద్యుత్తో అయితే ఈ బొగ్గు నష్టం ఉండదు.

రూపాయల్లో ఎంత?

ప్రత్తిపాడు నుంచి గుంటూరుకు సుమారు 20 కిలోమీటర్లు. అక్కడినుంచి రోజూ ఉద్యోగానికి వచ్చిపోయే మనిషి 40 కిలోమీటర్లు తిరుగుతాడు. లెక్క సులువుగా ఉండడానికి లీటరు పెట్రోలు 110 రూపాయలు, యూనిట్ కరెంటు 6 రూపాయలు అనుకుందాం.

పెట్రోలు బండికి 0.8 లీటరు కావాలి. ఖర్చు 88 రూపాయలు.
కరెంటు బండికి 1.33 యూనిట్లు కావాలి. ఖర్చు 8 రూపాయలు.

ఇక్కడితో ఆపితే లెక్క సగమే చేసినట్లు. బ్యాటరీ కూడా పెట్రోలు లాగే అరిగిపోయే వస్తువు. ఒకేసారి కొంటాం కనుక మనకు తెలియదు, అంతే. బ్యాటరీ ఖరీదు 50,000 రూపాయలు, అది పనికివచ్చేది 50,000 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు 1 రూపాయి అరుగుదల పడుతుంది. రోజుకు 40 రూపాయలు. కరెంటుతో కలిపి 48 రూపాయలు. అయినా 40 రూపాయలు మిగులే.

ఇప్పుడు ఆ బ్యాటరీ సగం కాలానికే, అంటే 25,000 కిలోమీటర్లకే చచ్చుబడింది అనుకోండి. అరుగుదల కిలోమీటరుకు 2 రూపాయలు అవుతుంది. రోజుకు 80, కరెంటు 8, మొత్తం 88. సరిగ్గా పెట్రోలు ఖర్చే! సర్వీసింగు, ఇంజను ఆయిలు ఈ లెక్కలో కలపలేదు. అవి అటుంచితే, బండి లాభమంతా బ్యాటరీ ఆయుర్దాయంలోనే ఉందని తేలింది కదా. ఆ ఆయుర్దాయాన్ని తినేసేది ఏది? మళ్ళీ వేడే.

బ్యాటరీలో ఏం జరుగుతుంది?

నేటి బండ్లలో చాలావాటికి వాడేది లిథియం అయాన్ బ్యాటరీ. దీన్ని 1991లో సోనీ కంపెనీ మొదటిసారి మార్కెట్టులో పెట్టింది. దీని రూపకల్పనకు జాన్ గుడెనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకిరా యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇందులోని ఒక్కొక్క ఘటంలో ఋణధ్రువం గ్రాఫైటు. ధనధ్రువం లిథియం కలిసిన ఒక లోహ సమ్మేళనం. రెండింటి మధ్య పలచని ప్లాస్టిక్ పొర, అయాన్లను నడవనిచ్చే ఒక ద్రవం ఉంటాయి. చార్జింగు చేసేటప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైటు పొరల మధ్యకు వెళ్ళి దూరతాయి. బండి నడిచేటప్పుడు తిరిగి ధనధ్రువానికి వస్తాయి. ఎలక్ట్రాన్లు మాత్రం బయటి తీగలగుండా వచ్చి మోటారును తిప్పుతాయి.

ఈ రాకపోకలతోపాటు మనకు అక్కరలేని కొన్ని రసాయన చర్యలు కూడా నెమ్మదిగా జరుగుతూ కొంత లిథియాన్ని శాశ్వతంగా కట్టిపడేస్తాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చాలా రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని మీరు చదివే ఉంటారు. గుంటూరు చుట్టూ అన్ని కోల్డు స్టోరేజీలు ఎందుకున్నాయో ఆలోచించండి. మిరపకాయ రంగు, ఘాటు తగ్గించే చర్యలు చల్లదనంలో నెమ్మదిస్తాయి. అందుకే టిక్కీలను అక్కడ దాస్తారు. కాయకు వర్తించే సూత్రమే బ్యాటరీకీ వర్తిస్తుంది.

చాలా లిథియం ఘటాలకు చార్జింగు వేళ 45 డిగ్రీలు పైహద్దు. రెంటచింతల వంటిచోట మే నెలలో నీడలోనే 45 దాటడం కొత్త కాదు. ఎండలో నిలిపిన బండి సంగతి చెప్పనే అక్కర్లేదు.

వేడి హద్దు దాటితే

తడిసిన పత్తిని కుప్ప పోస్తే లోపల వేడెక్కుతుందని రైతుకు తెలుసు. పుట్టిన వేడి బయటికి పోయే దారి లేక ఇంకా వేడిని పుట్టిస్తుంది. దెబ్బతిన్న బ్యాటరీలోనూ ఇదే జరుగుతుంది. మధ్యనున్న ప్లాస్టిక్ పొర కరిగితే రెండు ధ్రువాలూ తగులుకుని షార్టు సర్క్యూట్ అవుతుంది. లోపలి ద్రవానికి మండే గుణం ఉంది. ఒక ఘటం అంటుకుంటే దాని వేడికి పక్క ఘటం, దాని పక్కది అంటుకుంటాయి.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ, విజయవాడలోనూ ఇళ్ళలో చార్జింగుకు పెట్టిన బండ్ల బ్యాటరీలు ఇంటివాళ్ళు నిద్రపోతుండగా పేలి ప్రాణాలు తీశాయి. ఆ వేసవి ప్రమాదాల తరువాత ప్రభుత్వం బ్యాటరీల భద్రతా ప్రమాణమైన ఏఐఎస్-156ను కట్టుదిట్టం చేసి, 2022 డిసెంబరు, 2023 మార్చిలలో రెండు దశలుగా అమలుకు తెచ్చింది. బ్యాటరీ కొనేటప్పుడు ఈ ప్రమాణానికి లోబడినదో కాదో అడగడం మన హక్కు.

ఇంట్లో మీరు చూడవలసినవి

1. ఎండలో తిరిగివచ్చిన వెంటనే చార్జింగు పెట్టవద్దు. నీడలో అరగంటైనా చల్లారనివ్వాలి.
2. పడకగదిలో, మెట్లకింద, గుమ్మానికి అడ్డంగా చార్జింగు పెట్టవద్దు. గడ్డి, పత్తి, గోనెసంచులు దగ్గర ఉండకూడదు.
3. బండితో వచ్చిన చార్జరునే, ఎర్తు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గులో వాడాలి.
4. పూర్తిగా నిండిన బ్యాటరీతో బండిని ఎండలో రోజంతా వదలవద్దు. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నడపవద్దు.
5. బ్యాటరీ ఉబ్బినా, కిందపడినా, వరదనీటిలో మునిగినా చార్జింగు మానేసి మెకానిక్కుకు చూపించాలి.
6. పొగ వస్తే బ్యాటరీని ముట్టుకోవద్దు. అందరూ బయటికి వచ్చి 101కి ఫోను చేయాలి.

ఇంకొక మాట. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న తేలికపాటి బండ్లకు తప్ప మిగతావాటికి లైసెన్సు తప్పనిసరి. చప్పుడు లేదు కాబట్టి చట్టం లేదనుకోకండి.

మీరే చేసి చూడండి

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో కరెంటు బండి ఉంటే నెలరోజులపాటు ఒక నోటుపుస్తకం పెట్టండి. పెద్దవాళ్ళు చార్జింగు పెట్టేముందూ, తీశాకా కరెంటు మీటరు అంకెలు రాసుకోండి. ఆ సమయంలో ఫ్యాను, లైట్లు వాడిన యూనిట్లను లెక్కగట్టి తీసివేయండి. బండి తిరిగిన కిలోమీటర్లను యూనిట్లతో భాగించండి. యూనిట్‌కు 30 వచ్చిందా? ఇద్దరు ఎక్కినప్పుడు ఎంత? ఎదురుగాలిలో ఎంత? కంపెనీ ప్రకటనలో చెప్పిన దూరానికీ మీ అంకెకూ తేడా ఎంత? ఆ తేడాకు కారణాలు మీ సైన్సు మాష్టారితో చర్చించండి. ఇంట్లో కొత్త బండి కొనే మాట వచ్చిననాడు ఆ నోటుపుస్తకాన్ని మీ నాన్నగారి ముందు పెట్టండి.