లైసెన్సు అక్కఱలేని చిన్న విద్యుద్వాహనములు: గుణదోష విచారము

వెలుగోడు, ఆత్మకూరు, నంద్యాల ప్రాంతములలో బ్యాటరీతో నడచు చిన్నబండ్లను కొనగోరు రైతులు పలువురు గలరు. “దీనికి పెట్రోలు అక్కఱలేదు, రిజిస్ట్రేషను అక్కఱలేదు, లైసెన్సు అక్కఱలేదు” అని విక్రయించువారు చెప్పుదురు. ఇందు మొదటి మాట యన్ని బ్యాటరీ బండ్లకును చెల్లును. తక్కిన రెండును కొన్నింటికి మాత్రమే చెల్లును. ఈ భేదము నెఱుంగక బండి కొన్న రైతు, ప్రమాదము సంభవించిననాడు నష్టపరిహారమునకై తన పొలమునే యమ్ముకొనవలసి రావచ్చును. కావున నీ విషయమును మన సభ్యులకు విశదపఱచ నుద్దేశించితిమి.

చట్టము చెప్పునది

1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహన నిబంధనలు దీనిని నిర్ణయించుచున్నవి. బండి మోటారు శక్తి 250 వాట్లకు తక్కువగాను, గరిష్ఠవేగము గంటకు 25 కిలోమీటర్లకు తక్కువగాను ఉండవలయును. ప్రభుత్వము గుర్తించిన పరీక్షాసంస్థ యీ రెండింటిని పరీక్షించి ధ్రువపఱుపవలయును. అట్లు ధ్రువపడిన బండి చట్టము దృష్టిలో మోటారు వాహనమే కాదు. దానికి లైసెన్సు, రిజిస్ట్రేషను, నిర్బంధ బీమా అను మూడును అక్కఱలేదు. ఈ నియమములలో నొక్కటి తప్పినను అది మోటారు వాహనమే యగును.

250 వాట్లనగా నెంత? ఇంచుమించు అశ్వశక్తిలో మూడవవంతు. మన బోరుబావులకు బిగించు 5 అశ్వశక్తుల మోటారులో నిది పదునైదవ వంతు మాత్రమే. ఇంత స్వల్పశక్తితో నడువదగినది తేలికయైన రెండుచక్రముల బండియే గాని, నలుగురిని మోయు కారు గాదు. ఫ్రాన్సు దేశమున లైసెన్సు లేని కార్లు కలవు. గంటకు 45 కిలోమీటర్లకు మించని యా చిన్నకార్లను 1988వ సంవత్సరమునకు పూర్వము జన్మించినవారు ఏ పత్రమును లేకయే నడుపవచ్చును. తరువాత జన్మించినవారు 14 ఏండ్లు నిండిన పిమ్మట కొలది శిక్షణముతో నడుపవచ్చును. మన దేశమున నట్టి మినహాయింపు లేదు. చిన్నదైనను పెద్దదైనను విద్యుత్తు కారునకు లైసెన్సు కావలసినదే. మూడుచక్రముల ఈ-రిక్షాకును, సరకు మోయు ఈ-బండికిని సైతము లైసెన్సు వలయును. ఇవి గంటకు 25 కిలోమీటర్లకు మించి పోకపోయినను, వాని మోటారు శక్తి యధికమగుటచే మినహాయింపు నొందజాలవు.

గుణములు

మొదటి గుణము మితవ్యయము. 48 వోల్టుల, 24 ఆంపియరు-గంటల బ్యాటరీ నిండుటకు, నష్టముతో గూడ, ఒకటిన్నర యూనిట్లకు మించి విద్యుత్తు పట్టదు. దానితో ముప్పది, నలువది కిలోమీటర్లు పోవచ్చును. ఆ దూరమునకు మోటారు సైకిలు ముప్పాతిక లీటరు పెట్రోలును వాడుకొనును. యంత్రభాగములు తక్కువ యగుటచే మరమ్మతులును తక్కువ.

రెండవది, లైసెన్సు పొందనివారికిని కలుగు స్వాతంత్ర్యము. పాల కేంద్రమునకు పోవు స్త్రీలు, పొలము గట్టు చూచి రాగోరు వృద్ధులు మఱియొకరిపై నాధారపడక తిరుగగలుగుదురు. వేగము తక్కువ యగుట వీరికి దోషము గాదు, రక్షయే.

దోషములు

ఊరిలోనికిని పొలమునకును ఈ బండి చాలును. వెలుగోడు నుండి నంద్యాలకు పోయి వచ్చుటకు మాత్రము చాలదు. రానుపోను దూరము అఱువది కిలోమీటర్లకు పైబడును గావున బ్యాటరీ నడుమనే చాలించును. లారీలు, బస్సులు పోవు రాజమార్గమున 25 కిలోమీటర్ల వేగముతో పోవుటయు నపాయకరము.

45 కిలోల యూరియా బస్తాను వెనుక వేసికొని యెత్తు నెక్కుటకు దీని శక్తి చాలదు. వానకాలపు నల్లరేగడి బాటలో చిన్న చక్రములు కూరుకొనిపోవును. ఎండలో తిరిగి వచ్చినవెంటనే బ్యాటరీని విద్యుత్తునకు తగిలించినచో దాని యాయువు క్షీణించును. నీడలో చల్లాఱనిచ్చి, పిమ్మట నింపవలయును. సీసపు బ్యాటరీ చవుకయే గాని కొలది యేండ్లకే మార్చవలసివచ్చును. లిథియము బ్యాటరీ ప్రియమైనను ఎక్కువకాలము మన్నును.

అన్నిటికంటె పెద్ద దోషము బీమా లేకుండుట. పరులకు గాయమైనచో పరిహారభారము యజమానిపైననే పడును. కొందఱు 25 కిలోమీటర్ల కట్టడిని తీయించి వేగము పెంచుకొందురు. ఆ క్షణముననే బండి మోటారు వాహనమగును. లైసెన్సు లేక నడపినందుకు 5,000 రూపాయల జరిమానా కలదు. మైనరు నడపినచో బండి యజమానికి లేదా సంరక్షకునకు మూడేండ్ల వఱకు ఖైదును, 25,000 రూపాయల జరిమానాయు విధింపవచ్చునని 2019వ సంవత్సరపు సవరణ చట్టము శాసించుచున్నది.

కొనువారికి సూచనలు

1. పరీక్షాసంస్థ ధ్రువపత్రమును చూపుమని యడుగుడు. అందలి నమూనా పేరును బండిపై నున్న పేరుతో పోల్చి చూడుడు. పత్రము చూపనిచో కొనకుడు.

2. ధ్రువపత్రము నకలును, రసీదును బండిలో నుంచుకొనుడు.

3. బ్యాటరీకి ఎన్ని యేండ్ల పూచీయో రసీదుపై వ్రాయించుకొనుడు. నోటిమాట చాలదు.

4. వ్యవసాయమునకిచ్చిన ఉచిత విద్యుత్తుతో బండిని నింపకుడు. అనుమతించిన పనికి గాక వేఱొక పనికి విద్యుత్తును వాడుట 2003వ సంవత్సరపు విద్యుచ్ఛట్టము ప్రకారము తప్పు. ఇంటి మీటరు నుండియే నింపుకొనుడు.

5. చట్టము నిర్బంధింపకున్నను శిరస్త్రాణమును ధరింపుడు. స్వచ్ఛందముగా బీమా దొరకినచో తీసికొనుడు.

ఎరువులను, విత్తనములను కలసి కొన్నట్లే, ఒక గ్రామమువారు పదుగురు కలసి యొకే నమూనా బండ్లను కొన్నచో ధరయు తగ్గును, మరమ్మతు చేయువాడును ఊరికే వచ్చును. లైసెన్సు అక్కఱలేని బండి యున్నది గాని, బాధ్యత అక్కఱలేని బండి లేదు. ఈ మాటను మనస్సునం దుంచుకొని కొనువారికి ఈ చిన్నబండి మేలే చేయునని మా యభిప్రాయము.