నాయనమ్మ తీగ

పిల్లలారా! మీ ఇంటి వరండాలో గాని, కిటికీ పక్కన గాని కుండీ నుండి కిందికి వేలాడే తీగ ఏదైనా ఉన్నదా? దాని ఆకులు గుండె ఆకారంలో ఉంటాయి. పచ్చని ఆకుల మీద పసుపు చల్లినట్లు మచ్చలు, చారలు కనిపిస్తాయి. దానినే మనం మనీప్లాంటు అంటాము. ఆ తీగను ఎందుకు కత్తిరించాలో, ఎక్కడ కత్తిరించాలో ఈ పాఠంలో తెలుసుకుందాము.

అక్టోబరు నెలలో ఒకనాడు, మా బడిలో ఐదవ తరగతి చదివే అమ్మాయి ఒకతె చిన్నబోయిన ముఖంతో నా దగ్గరకు వచ్చింది.

"గురువుగారూ, మా నాయనమ్మ పెట్టిన మనీప్లాంటు పాడైపోతున్నది. తీసి పారవేద్దామని నాన్నగారు అంటున్నారు. అమ్మ ఒప్పుకోవడం లేదు" అన్నది.

"ఎలా పాడైనది?" అని అడిగాను.

"తీగలు కిటికీ చుట్టూ పాకాయి. కుండీ దగ్గర మాత్రం ఒక్క ఆకు కూడా లేదు. ఒక కొమ్మకైతే మచ్చలే లేవు. అన్నీ ఉత్త పచ్చని ఆకులే."

"ఎప్పుడూ కత్తిరించలేదా?"

ఆ అమ్మాయి తల వంచుకున్నది. "నాయనమ్మ పోయి రెండేళ్ళయింది. అది ఆమె చేతి మొక్క, దానికి కత్తెర తగలనివ్వను అంటుంది అమ్మ."

కుండీని బడికి తెమ్మన్నాను. మరునాడు వాళ్ళ అమ్మగారే దానిని జాగ్రత్తగా మోసుకొని వచ్చారు. "మా అత్తగారు పోయాక మాకు మిగిలినది ఇదొక్కటేనండీ. కోస్తే చచ్చిపోతుందేమోనని భయం" అన్నారు.

నేను పిల్లల వైపు తిరిగి, "చెరకు కోస్తే చచ్చిపోతుందా?" అని అడిగాను.

"లేదు! మోడు నుండి మళ్ళీ పిలకలు వస్తాయి" అని అందరూ ఒక్కసారిగా అన్నారు.

"కొత్త తోట వేయాలంటే ఏమి నాటుతారు?"

"చెరకు ముక్కలు!"

అవును. మన పూర్వులు 19వ శతాబ్దంలో ఈ మారిషస్ ద్వీపానికి వచ్చి చెరకు తోటలలో పనిచేశారు. చెరకు గడను ముచ్చెలుగా నరికి నాటితే, ఆ ముచ్చెల కణుపుల నుండి మొలకలు వస్తాయని వారికి బాగా తెలుసు. మనీప్లాంటుకు కూడా కణుపులు ఉన్నాయి. ఆకు కాడ తీగతో కలిసే చోట కొంచెం ఉబ్బుగా ఉండేదే కణుపు. అక్కడ ఒక చిన్న మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. పక్కనే గోధుమ రంగులో చిన్న బొడిపె ఉంటుంది. అదే వేరు కాగలదు.

మరి ఆ మొగ్గ ఎందుకు నిద్రపోతున్నది? తీగ చివరి చిగురులో ఆక్సిన్ అనే పదార్థం తయారవుతుంది. అది కిందికి దిగుతూ పక్క మొగ్గలను పెరగనివ్వదు. అందువల్ల తీగ ఒక్కటే పొడవుగా సాగుతుంది. మొదట్లోని ముసలి ఆకులు రాలిపోయి, కుండీ దగ్గర బోసిగా మిగులుతుంది. చివర కోసివేస్తే కింది మొగ్గలు మేలుకుంటాయి. ఒక తీగ ఉన్న చోట రెండు, మూడు చిగుళ్ళు వస్తాయి.

తరువాత నేను ఆ అమ్మగారిని, "మీ అత్తగారికి ఈ మొక్క ఎలా వచ్చింది?" అని అడిగాను.

ఆమె కొంచెం ఆలోచించి, "పెళ్ళయిన కొత్తలో పుట్టింటి నుండి ఒక ముక్క కోసి తెచ్చుకున్నారట" అన్నారు. ఆ మాట అంటూనే నవ్వారు. మెల్లగా కత్తెర అందుకున్నారు.

ఈ తీగ పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలోని మొరేయా అనే చిన్న ద్వీపం. ఇది పువ్వు పూయడం చాలా అరుదు. పువ్వు లేకపోతే విత్తనం లేదు. అందుచేత మన ఇండ్లలోని మనీప్లాంట్లు ఎవరో కోసి ఇచ్చిన ముక్కల నుండి పెరిగినవే. కోయడమే లేకపోతే ఈ తీగ మన ద్వీపానికి చేరేదే కాదు.

ఆనాడు మేము చేసిన పని ఇది.

ముందుగా కత్తెరను సబ్బునీటితో కడిగి తుడిచాము. ఆ కుండీలో మూడు తీగలు ఉన్నాయి. మూడింటినీ ఒకేసారి కోయలేదు. ఆకులు మొక్కకు వంటశాల వంటివి. వంటశాల మొత్తం తీసివేస్తే మొక్క ఆకలితో నీరసిస్తుంది. కాబట్టి ఒక తీగను ఆకులతో అలాగే వదిలి, తక్కిన రెంటిని కుండీ దగ్గర మూడేసి కణుపులు ఉంచి, కణుపుకు కొంచెం పైన కోశాము.

పచ్చని కొమ్మ వదలిన తీగ మీదనే ఉన్నది. ఆ కొమ్మను మొదలంటా తీసివేశాము. ఎందుకో తెలుసా? ఆకులకు పచ్చదనాన్ని ఇచ్చేది పత్రహరితము. సూర్యకాంతితో ఆహారం తయారుచేసేది కూడా అదే. పసుపు మచ్చలలో పత్రహరితము తక్కువ. ఉత్త పచ్చని కొమ్మకు ఆహారం ఎక్కువ దొరుకుతుంది. అది త్వరగా పెరిగి, మచ్చల కొమ్మలను అణచివేస్తుంది. ఊరుకుంటే కొన్నాళ్ళకు కుండీ అంతా పచ్చగా మారి, నాయనమ్మ ముచ్చటపడి పెంచిన బంగారు చారలు కనిపించకుండా పోతాయి. అయితే ఒక్క మాట. నీడ ఎక్కువైనా మచ్చలు తగ్గుతాయి. కనుక ముందు కుండీని వెలుతురు బాగా ఉన్న చోట పెట్టి చూడాలి. ఎర్రటి ఎండ మాత్రం తగలరాదు.

కోసిన తీగలను ముక్కలు చేశాము. ఒక్కొక్క ముక్కకు ఒకటి రెండు ఆకులు, కనీసం ఒక కణుపు ఉండేటట్లు చూశాము. కణుపు లేని ఆకును నీటిలో పెడితే వేరు రావచ్చు గాని, కొత్త తీగ రాదు. ముక్కలను గాజు సీసాలలో, కణుపు మునిగేటట్లు పెట్టాము. మూడు వారాలలో తెల్లని వేళ్ళు కనిపించాయి. ఈ పనికి అక్టోబరు చివర మంచి అదను. చలి తగ్గి వేసవి మొదలవుతుంది. చల్లగా ఉండే క్యూర్‌పిప్ వంటి చోట్ల వేళ్ళు రావడానికి ఇంకొంచెం ఎక్కువ రోజులు పట్టవచ్చు.

జాగ్రత్తలు కూడా వినండి. ఈ తీగ చేమ కుటుంబానికి చెందినది. సరిగా ఉడకని చేమాకు నోటిని దురదపెట్టినట్లే, దీని రసం కూడా దురద, మంట పుట్టిస్తుంది. కోసిన తరువాత చేతులు కడుక్కోవాలి. పసిపిల్లలకు, పిల్లులకు అందనివ్వరాదు. సీసాలోని నీటిని నాలుగు రోజులకొకసారి మార్చాలి. నిలవ నీటిలో దోమలు గుడ్లు పెడతాయి. 2005, 2006 సంవత్సరాలలో మన దేశంలో దోమల వల్ల చికున్‌గున్యా జ్వరం ఎంతగా వ్యాపించినదో మీ పెద్దలను అడగండి. మిగిలిన ముక్కలను అడవి పక్కన పారవేయరాదు. శ్రీలంకలో క్యాండీ దగ్గరి ఉడవత్తకెలె అడవిలో ఈ తీగ నేలను కప్పి, చెట్లకు ఎగబాకి, అక్కడి మొక్కలకు చోటు లేకుండా చేసింది.

ఉగాది పండుగకు ఆ అమ్మాయి కుండీని బడికి మళ్ళీ తెచ్చింది. కోసిన రెండు తీగల నుండి ఐదు కొత్త కొమ్మలు వచ్చాయి. కుండీ అంచు కనబడకుండా ఆకులు కమ్ముకున్నాయి. ప్రతి ఆకు మీద పసుపు చారలు ఉన్నాయి. వేళ్ళు వచ్చిన ముక్కలలో ఒకటి అత్తయ్య ఇంటికి, ఒకటి పెద్దనాన్న ఇంటికి, ఒకటి మా బడి కిటికీకి చేరాయి.

"దొంగిలించి తెచ్చిన మనీప్లాంటే డబ్బు తెస్తుందట కదా, గురువుగారూ?" అని ఒక అబ్బాయి అడిగాడు.

నేను సమాధానం చెప్పేలోపలే ఆ అమ్మాయి అన్నది: "దొంగతనం ఎందుకు? అడుగు, మా నాయనమ్మ తీగలో ఒక ముక్క ఇస్తాను."

కొత్త మాటలు

కణుపు – తీగ మీద ఆకు పుట్టే చోటు
ముచ్చె – నాటడానికి నరికిన చెరకు ముక్క
మోడు – కోసిన తరువాత మిగిలిన మొదలు
పత్రహరితము – ఆకులలోని పచ్చని పదార్థం
అదను – ఒక పనికి తగిన సమయం

ప్రశ్నలు

1. తీగ చివర కోస్తే కింది మొగ్గలు ఎందుకు మేలుకుంటాయి?
2. మూడు తీగలనూ ఒకేసారి ఎందుకు కోయలేదు?
3. పచ్చని కొమ్మను తీసివేయకపోతే ఏమవుతుంది?
4. అమ్మగారి భయం ఏ మాటతో పోయింది? ఎందుకు?

చేసి చూడండి

పెద్దల సహాయంతో రెండు ముక్కలు కోయండి. ఒకదానికి కణుపు ఉండాలి, రెండవది ఉత్త ఆకు కావాలి. రెంటిని వేరువేరు సీసాలలో పెట్టి, నెల రోజులు చూచి, కనిపించిన తేడాను ఐదు వాక్యాలలో వ్రాయండి.