వరి మర్యాద బఠానీకి వలదు

కరీంనగర్

చిరంజీవి మనుమరాలికి,

హుస్నాబాద్‌లోని మన ఇంటి పెరటిలో బతుకమ్మ పండుగకు ముందు నీవు విత్తిన బఠానీలలో ఒక్కటియు మొలవలేదనియు, రాత్రంతయు నానబెట్టి, మండె కట్టి, విత్తిన పిమ్మట రెండు పూటల నీరు పోసినను ఫలితము లేకపోయెననియు, త్రవ్వి చూడగా గింజలు మెత్తబడి దుర్గంధము కొట్టుచున్నవనియు వ్రాసిన లేఖ చేరినది. నీవు చేసినదంతయు వరికి తగిన ఉపచారము. గాలి మిక్కిలి కొరవడిన నీటిలోనైనను మొలకెత్తగల శక్తి వరిగింజకు కలదు, బఠానీకి లేదు. నీరు పీల్చిన తోడనే అది వేగముగా శ్వాసింప మొదలిడును. ఆ సమయమున మట్టి సందులన్నియు నీటితో నిండి గాలి యాడకున్నచో, లోని జీవము నశించి, గింజనుండి ఊరిన చక్కెరలు బూజునకు విందగును.

కాలము కూడ నీకు అనుకూలింపలేదు. బఠానీ చలికాలపు పైరు. నేల వేడిమి 20 డిగ్రీలున్నచో వారము పది దినములలో మొలక పైకి వచ్చును; 5 డిగ్రీల చలిలోనైనను నెలకు పైగా తీసికొని మొలచును గాని, 35 డిగ్రీల వేడిమికి మాత్రము తాళజాలదు. బతుకమ్మ నాళ్ల మధ్యాహ్నపుటెండకు మన చెలక యెంత కాగునో నీవెరుగుదువు. కావున స్వాతి కార్తె వచ్చువరకు, అనగా అక్టోబరు చివరి వారము వరకు, ఆగుము. అట్లని డిసెంబరు చివరకు జరిపితివా, పూతవేళకు ఎండలు ముదిరి కాయ సరిగా పట్టదు.

కిరాణా కొట్టులోని ఎండు బఠానీ తినుటకు వచ్చినది. దాని వయస్సెంతయో అమ్మువానికే తెలియదు. విత్తనముగా అమ్మిన అర్కెల్ రకమును తెచ్చుకొనుము. దాని గింజ ముడుతలు పడియుండుట లోపము కాదు. పిండి తక్కువై తీపి హెచ్చుటచేత ఎండినపుడు అట్లగును. ఈ నున్నని, ముడుతల గింజల భేదమునే మెండెల్ అను శాస్త్రజ్ఞుడు 1856 మొదలు తన మఠపు తోటలో పరిశీలించి అనువంశిక సూత్రములను కనుగొనెను. అయితే ఆ తీపి గింజయే తడినేలలో త్వరగా కుళ్ళును. ముందుగా 20 గింజలను తడిగుడ్డలో చుట్టి నీడన నుంచి చూడుము. 15 అయినను మొలవకున్నచో ఆ పొట్లమును నమ్మకుము.

విత్తుటకు ముందునాడే మడిని బాగుగా తడిపి, మట్టి చేతికంటక పొడిపొడిగా రాలు పదునున, అంగుళమున్నర లోతున గింజవేసి కప్పుము. నానబెట్టుట అనవసరము, మనసొప్పనిచో నాలుగు గంటలకు మించనీయకుము. ఆ పిమ్మట మొలక కనబడువరకు, నేల బొత్తిగా ఎండిననే తప్ప, చెంబు ముట్టకుము. ఎర్రచెలక పైనుండి నీరు పోసిన కొలది పెచ్చు కట్టును గనుక, మాగిన పెంట పలుచగా చల్లుట మేలు.

బొబ్బర వలె పప్పుబద్దలను మోసికొని పైకి రాదని కంగారుపడకుము. సెనగకు వలె దీనికి బద్దలు మట్టిలోనే యుండిపోవును. వంగిన మొలక మాత్రమే తలయెత్తును. గోరువంక దానిని త్రుంచినను, అడుగు కణుపునుండి మరియొకటి తరచుగా వచ్చును, పీకివేయకుము.

నీవు తెచ్చిన విత్తనములు మందు పట్టించిన రంగు గింజలై, కొన్ని మిగిలినచో కూరలో వేయక, పిల్లలకందని చోట దాచుము.

ఇట్లు,
నీ తాత