మృగంగా మారే మనుషుల ఆట - 'బ్లడీ రోర్'

పోరాట వీడియో గేమ్‌లలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి గుద్దుకోవడం, తన్నుకోవడం మనకు తెలిసిందే. 'బ్లడీ రోర్' అనే జపాన్ ఆటలో వీటికి తోడు ఇంకో బటన్ ఉంటుంది. అది నొక్కితే మనిషి మృగమవుతాడు. ఎయిటింగ్ సంస్థ తయారుచేసిన ఈ ఆటను హడ్సన్ సాఫ్ట్ 1997లో మొదట ఆర్కేడ్ యంత్రాలకు, తర్వాత ప్లేస్టేషన్‌కు తెచ్చింది. అమెరికా ఆర్కేడ్‌లలో దీని పేరు 'బీస్టోరైజర్'. యూగో తోడేలు, లాంగ్ పులి, గాడో సింహం, గ్రెగ్ గొరిల్లా. అలిస్ అనే అమ్మాయి మాత్రం కుందేలు! కుందేలు ఏం కొడుతుందిలే అనుకుంటాం గానీ, దాని వేగానికి పులి కూడా తడబడుతుంది.

ఆ బటన్ ఎప్పుడు పడితే అప్పుడు పనిచేయదు. తెర మీద ఒక గీత నిండాలి. ఎదుటివాణ్ణి కొట్టినా అది నిండుతుంది, మనం దెబ్బలు తిన్నా నిండుతుంది. అంటే ఓడిపోతున్నవాడికీ ఒక అవకాశం చేతికొస్తుంది. మారాక దెబ్బకు బలం పెరుగుతుంది, పోయిన శక్తి కొంత తిరిగి వస్తుంది. కానీ అలాగే ఉండిపోవడం కుదరదు. దెబ్బలు తగిలేకొద్దీ గీత తరిగి, మళ్లీ మనిషి రూపమే. అందుకే గీత నిండగానే సంబరంగా బటన్ నొక్కేవాడికంటే, అదను చూసి నొక్కేవాడే ఎక్కువగా గెలుస్తాడు.

చాలామంది కథను దాటేసి ఆటలోకి వెళ్తారు. మాకు మాత్రం కథే ముఖ్యమనిపించింది. ఈ మనుషులను ఆటలో 'జూఆంత్రోప్'లు అంటారు. గ్రీకులో జంతువు, మనిషి అనే రెండు మాటలు కలిస్తే వచ్చిన పేరిది. మన మారీచుడు తన మాయతో లేడి అయ్యాడు. వీళ్లను మాత్రం టైలాన్ అనే కంపెనీ పట్టుకెళ్లి, ప్రయోగాలు చేసి, ఆయుధాలుగా వాడుకోవాలని చూస్తుంది. రెండో ఆట నాటికి టైలాన్ కూలిపోతుంది. అయినా జనం భయపడేది ఈ మనుషులనే చూసి. వెలివేత మొదలవుతుంది. విముక్తి పేరుతో ఒక దళం పుట్టి దాడులకు దిగుతుంది. దాంతో దాడులతో సంబంధం లేనివాళ్లను కూడా జనం అనుమానంగానే చూస్తారు. ప్రయోగాలు చేసినవాళ్లను వదిలేసి, అనుభవించినవాళ్ల మీద ముద్ర వేయడం మనకు కొత్త కాదు కదా!

ఈ వరుసలో చివరి ఆటలు 2003లో వచ్చాయి. హడ్సన్ 2012లో కొనామీలో కలిసిపోయింది.

పాత్రలన్నిటిలో మాకు నచ్చింది మిత్సుకో. ఆమె అడవిపంది. టైలాన్ ఎత్తుకుపోయిన కూతురు ఉరికో కోసం ఒంటరిగా పోరాటానికి వస్తుంది. తర్వాత, ఆ ప్రయోగశాల నుంచి తప్పించుకున్న అలిస్‌ను కూడా తన ఇంటి పిల్లగా పెంచుకుంటుంది. రెండో ఆటలో ఆ అలిస్ ఆసుపత్రిలో నర్సు.