అన్నం ముందు కుక్క కోపం

తింటున్న కుక్క దగ్గరకు మనిషి వెళ్ళగానే అది శరీరం బిగించి, కోరలు చూపి గుర్రుమంటుంది. దానిని పొగరని భావించి కర్ర తీసేవారే మనలో అధికం. "కుక్క తోక వంకర" అనే సామెత కూడా తోడవుతుంది. నిజానికి అది చాలావరకు భయం. అందరూ తిన్న తరువాత మిగిలిన మెతుకులే దాని భాగ్యమైన ఇండ్లలో ఆ భయం వింత కాదు.

యజమాని ఎవరో తెలియాలని నేనూ ఒకసారి మా కుక్క తింటున్న పళ్ళెం లాగాను. దాని భయం నిజమేనని నేనే ఋజువు చేశాను! మరునాటి నుండి నేను గడపలో ఉండగానే గుర్రుమనసాగింది.

జీర్ణక్రియా పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమతి పొందిన రష్యా శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్, ఆహారానికి ముందు పదేపదే వినిపించిన చప్పుడుకే కుక్కకు నోరూరుతుందని నిరూపించాడు. మన అడుగుల సవ్వడి అటువంటి శుభసూచన కావాలి. కుక్క బిగుసుకోనంత దూరంలో నిలిచి, పళ్ళెంలోని అన్నంకంటె రుచియైన మాంసపు తునక విసరి వెనుదిరగాలి. కొన్ని దినాల తరువాతనే ఒక అడుగు ముందుకు. గుర్రుమంటే మనం తొందరపడ్డామని అర్థం, వెనుకకు జరగాలి. కొట్టరాదు. దెబ్బలకు హెచ్చరిక మానిన కుక్క హెచ్చరించకుండానే కరుస్తుంది.

ఈ అభ్యాసం పిల్లలకు అప్పగించరాదు. కుక్క తినేవేళ వారిని దూరంగా ఉంచాలి. కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, పసుపు, కారం వంటివి పూయక, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంటి కుక్కే కదా అని ఉపేక్షించరాదు. రేబీస్ లక్షణాలు బయటపడిన తరువాత బ్రతకడం అత్యంత అరుదు.